అద్దె ఇంటి బీమా: ఇల్లు ఒకటి, కాగితం ఇంకొకటి కాకూడదు

ఒక పని చేయండి. ఈ అధ్యాయంలోకి వెళ్లేముందు లేచి బీరువా తెరిచి, మీరు అద్దెకిచ్చిన ఇంటి పాలసీ కాగితం తెచ్చి పక్కన పెట్టుకోండి.

దొరకలేదా? "లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు ఏదో చేశారు, వాళ్ల దగ్గరే ఉంటుంది" అంటున్నారా? లేక "అపార్ట్‌మెంటుకి అసోసియేషన్ చేయించే ఉంటుందిలే" అనుకుంటున్నారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. కాగితం దొరికినవాళ్లకూ ఇందులో పనుంది. చాలామంది విషయంలో కాగితంలో ఉన్న ఇల్లు వేరు, అద్దెకు నడుస్తున్న ఇల్లు వేరు. కాగితంలో అది ఒక కుటుంబం ఉండే ఇల్లు. వెళ్లి చూస్తే పన్నెండు మంది కుర్రాళ్లుంటున్న హాస్టల్. కాగితంలో రెండంతస్తులు. తలెత్తి చూస్తే పైన రేకులతో మూడో వాటా. ప్రీమియం కడుతున్నంత కాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. నష్టం జరిగాక సర్వేయర్ వచ్చి ముందుగా చూసేది మాత్రం దాన్నే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం మనందరం చూశాం. రోడ్డెక్కే స్కూటరుకు కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండాలని చట్టం చెబుతోంది. ఇంటికి అలాంటి నిర్బంధం లేదు. నిర్బంధం లేదు కాబట్టి మనం చేయించం. ఆ ఇంటి అద్దె మీదే పిల్లల ఫీజులో, అమ్మానాన్నల మందులో నడుస్తుంటే మాత్రం ఇక ఆలస్యం చేయకండి.

ఏ పాలసీ అని వెతుక్కునే పని కొంత తగ్గింది. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా ఇంటి పాలసీని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్మాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం వంటివన్నీ అందులో వస్తాయి. కంపెనీ ఏదైనా మూల షరతులు ఒకటే. పదేళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు. నేను ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు ఆ పాలసీని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

1. అది ఇంటి మీదా, మీ ప్రాణం మీదా?

హోమ్ లోను తీసుకునే రోజు ఎన్ని సంతకాలు పెట్టామో ఎవరికి గుర్తుంటుంది? "దీంతోపాటే ఇన్సూరెన్స్ కూడా అయిపోతుంది సార్" అంటారు. ప్రీమియం లోనులోనే కలిపేస్తారు. చాలాసార్లు అది మీ ప్రాణం మీద చేసిన పాలసీ. మీకేమైనా అయితే బ్యాంకు బాకీ తీరుతుంది. మంచిదే. కానీ ఇల్లు కాలిపోతే దాని నుంచి రూపాయి రాదు.

ఇంటి మీదే చేసి ఉంటే రెండు సంగతులు చూడండి. ఎంత మొత్తానికి చేశారు? మిగిలిన అప్పు వరకే చేసి ఉంటే, అప్పు తరుగుతున్న కొద్దీ మీ రక్షణ తరిగిపోతోందేమో అడగండి. ఎప్పటిదాకా ఉంది? లోను తీరి, పత్రాలు చేతికొచ్చిన ఆనందంలో స్వీట్లు పంచుతాం. పాలసీ గడువు కూడా ఆ రోజుతోనే ముగిసిందేమో చూసుకోం.

అసోసియేషన్ పాలసీ కూడా అంతే. సెక్రటరీ గారిని కాపీ అడగండి. అందులో మెట్లు, లిఫ్టు, సెల్లారు మాత్రమే ఉన్నాయా, ఫ్లాట్ల గోడలు, స్లాబులు కూడా ఉన్నాయా? మొత్తం బిల్డింగు ఉందని తేలితే మీ ఫ్లాటు గోడలకు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. లోపలి సామాను, అద్దె నష్టం చూసుకుంటే చాలు.

2. కొన్న ధర కాదు, మళ్లీ కట్టే ఖర్చు

అందరూ తడబడేది ఇక్కడే. "90 లక్షలు పెట్టి కొన్నాను, 90 లక్షలకు చేయండి" అంటారు. మీరు కొన్న 90 లక్షల్లో పెద్ద భాగం నేల విలువ, ఆ ఏరియా విలువ. నేల కాలిపోదు, కొట్టుకుపోదు. బీమా చేయాల్సింది కట్టడానికి.

లెక్క తేలికే. కార్పెట్ ఏరియాను మీ ఊళ్లో ఇప్పుడు చదరపు అడుగు కట్టడానికయ్యే ఖర్చుతో గుణించండి. వెయ్యి అడుగుల ఫ్లాటు, అడుక్కి 2,500 రూపాయలు అనుకుంటే 25 లక్షలు. అంతే. ఆ 2,500 అన్న అంకె కోసం ఆన్‌లైన్‌లో వెతక్కండి, మీ వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రిని అడగండి.

భారత్ గృహ రక్షలో కట్టడానికి బీమా చేస్తే, అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామానుకు దానంతట అదే వస్తుంది. పై ఉదాహరణలో 5 లక్షలన్నమాట. దీర్ఘకాల పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం పెరుగుతుంది కూడా.

ఇంకో మేలుంది. 2021కి ముందు పాలసీల్లో "సగటు" షరతు అని ఒకటుండేది. 40 లక్షల కట్టడానికి 20 లక్షలకే బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు. మీ బీరువాలో ఉన్నది పాతకాలపు దీర్ఘకాల పాలసీ అయితే ఈ ఒక్క షరతు కోసమైనా తీసి చదవండి.

3. ఇంట్లో ఏం నడుస్తోందో దాచకండి

నా దృష్టిలో ఈ అధ్యాయం మొత్తంలో ముఖ్యమైన సూచన ఇదే.

అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో మీకు మూడంతస్తుల ఇల్లుందనుకుందాం. ఒకాయన వచ్చి, "మొత్తం బిల్డింగు నాకిచ్చేయండి సార్, నెలకింత ఇస్తాను, రిపేర్లూ నేనే చూసుకుంటాను" అంటాడు. అద్దె మీరనుకున్నదాని కంటే ఎక్కువే. ఇచ్చేస్తారు. ఆర్నెల్లకు అది హాస్టల్ అవుతుంది. గదికి నాలుగు మంచాలు, మేడ మీద పెద్ద గ్యాస్ పొయ్యిలు, మీటరుకు మించిన గీజర్లు. మీ పాలసీలో మాత్రం "నివాస గృహం" అనే ఉంది. ఒక రాత్రి వంటగదిలో మంటలు లేచాయి. క్లెయిమ్ పెడతారు. "ఇది నివాసం కాదు, వ్యాపారం" అని కంపెనీ అంటే మీ దగ్గర జవాబుందా?

భారత్ గృహ రక్ష నివాసానికి మాత్రమే. కుటుంబానికి అద్దెకిస్తే ఫరవాలేదు, అది నివాసమే. కింద మడిగె తీసి కిరాణా దుకాణానికిచ్చినా, గోడౌనుకిచ్చినా, రోజువారీ అద్దెకు యాత్రికులకిస్తున్నా సంగతి మారిపోతుంది. చిన్న వ్యాపార స్థలాలకు వేరే పాలసీలున్నాయి. 5 కోట్ల విలువ వరకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆ పైన 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. ఏ భాగానికి ఏది సరిపోతుందో కంపెనీనే అడగండి. ఆ అడిగింది నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో అడగండి. "కింద మడిగె ఉంది, పైన రెండు వాటాలు కుటుంబాలకిచ్చాం, మేడ మీద రేకుల గది ఉంది" అని రాసి, వాళ్ల జవాబు దాచుకోండి. రేపు గొడవ వస్తే మీ పక్షాన నిలిచేది ఆ ఈమెయిలే.

అద్దె ఒప్పందంలోనూ ఒక వాక్యం రాయించండి: ఇంటిని నివాసానికే వాడాలి, ఇంకోలా వాడాలంటే ముందుగా యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మూడు నాలుగు నెలలకోసారి ఏదో పని పెట్టుకుని వెళ్లి చూసి రండి. అద్దె ఫోన్‌పేలో వస్తోంది కదా అని ఇంటి గడపే తొక్కని యజమానులున్నారు. మీరు అలా ఉండకండి.

4. అద్దె నష్టం: ఏది వస్తుంది, ఏది రాదు

కొత్తగా అద్దె ఇల్లు కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "టెనెంటు మూడు నెలలు అద్దె ఎగ్గొడితే బీమా ఇస్తుందా?" ఇవ్వదు. దానికి మీరు తీసుకున్న అడ్వాన్సే దిక్కు. గోడలకు మేకులు కొట్టడం, కమోడు పగలగొట్టడం, వెళ్లేటప్పుడు ఫ్యాను విప్పుకుపోవడం, ఇవి కూడా అడ్వాన్సులో తేల్చుకోవాల్సినవే.

బీమాలో వచ్చేది వేరే నష్టం. మంటో వరదో వచ్చి ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోయింది. టెనెంటు ఖాళీ చేశాడు. బాగు చేయించడానికి నాలుగైదు నెలలు పట్టింది. ఆ నెలల అద్దె మీకు రాదు కదా? దాన్ని పాలసీ భర్తీ చేస్తుంది. అయితే ఇల్లు నివాసానికి పనికిరాదని ఆర్కిటెక్ట్ నుంచో స్థానిక సంస్థ నుంచో ధ్రువీకరణ చూపించాలి. కట్టడానికి పెట్టిన క్లెయిమ్ ముందు ఒప్పుకోవాలి.

మరి ఎంత అద్దె లెక్కగడతారు? చేతిలో ఉన్న కాగితం ప్రకారం. ఒప్పందంలో 12 వేలు రాసుకుని, నెలనెలా 20 వేలు తీసుకుంటున్నవాళ్లు ఎంతమంది లేరు? పన్ను కలిసొస్తుందని అలా రాసుకుంటారు. నిజానికి అద్దె ఆదాయంలో 30 శాతాన్ని మరమ్మతులు, బీమా వంటి ఖర్చుల కింద ఆదాయపు పన్ను చట్టమే బిల్లులు అడక్కుండా తీసేస్తుంది. (అందుకే ప్రీమియాన్ని మళ్లీ విడిగా చూపించడం కుదరదు.) అసలు అద్దె రాసుకోండి. 20 వేల నష్టానికి 12 వేల కాగితం చూపించే అవస్థ మీకొద్దు.

5. గోడకు చెమ్మ, ఏసీకి మంట

"అంకుల్, పై ఫ్లాటు బాత్రూమ్ నుంచి నీళ్లు కారి మా బెడ్‌రూమ్ సీలింగు పెచ్చులూడుతోంది" అని టెనెంటు ఫోన్ చేశాడు. పాలసీ ఉంది కదా అని ధీమాగా కంపెనీకి ఫోన్ చేస్తారు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న: పైపు పగిలిందా, మెల్లగా ఊరిందా? పైపు ఒక్కసారిగా పగిలి గది మునిగితే అది ప్రమాదం, వస్తుంది. ఏళ్ల తరబడి టైల్స్ సందుల్లోంచి దిగి గోడ నానితే అది అరుగుదల, నిర్వహణ లోపం. రాదు. కాబట్టి చెమ్మ మరక కనిపించిన నెలలోనే ప్లంబర్‌ని పిలవండి. అది మీ ఖర్చే.

కరెంటుదీ ఇలాంటి తిరకాసే. మీరు పెట్టించిన ఏసీ లోపల షార్ట్ సర్క్యూట్ అయి ఏసీ కాలిపోయిందనుకోండి. ఆ ఏసీకి డబ్బు రాదు, ఆ పరికరం తనలో తాను పాడైన నష్టం మినహాయింపులో ఉంటుంది. అక్కడి నుంచి మంట కర్టెనుకు, కర్టెను నుంచి వుడ్‌వర్కుకు పాకితే ఆ కాలినవాటికి వస్తుంది. పరికరాలకు కూడా రక్షణ కావాలంటే హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీల్లో దానికి విడిగా భాగం ఉంటుంది. పాత ఏసీలకు దానికోసం డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం. ఆ డబ్బుతో వైరింగు చూపించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ పెట్టించండి. టెనెంటు ప్రాణం కూడా నిలబడుతుంది.

6. దొంగతనం, ఖాళీ ఇల్లు

భారత్ గృహ రక్షలో దొంగతనం ఉందని ఏజెంటు అంటే నిజమే, కానీ సగం నిజం. వరదో మంటో వచ్చి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే అది వర్తిస్తుంది. మామూలు దొంగతనానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి.

టెనెంటు ఖాళీ చేసి, కొత్తవాళ్లు దొరికేలోపు ఇల్లు రెండు నెలలు తాళం వేసి ఉంటే? వరసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోయే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. మీ కాగితంలో ఆ వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే, ఇల్లు ఖాళీ అయిన వారంలోనే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

7. గ్యాస్ కనెక్షన్ ఏ అడ్రసు మీద ఉంది?

దీని గురించి దాదాపు ఎవరూ అడగరు, అందుకే కాస్త ఆగి చెబుతాను. మనం ప్రీమియం కట్టకుండానే గ్యాస్ ప్రమాదాలకు ఆయిల్ కంపెనీల తరఫున ఒక బీమా నడుస్తోంది. సిలిండర్ ప్రమాదంలో చనిపోతే మనిషికి 6 లక్షలు, ఆస్తి నష్టానికి ఒక్కో ఘటనకు గరిష్ఠంగా 2 లక్షల వరకు అందులో ఉంది. కానీ ఆస్తి నష్టం రావాలంటే ప్రమాదం ఆ కనెక్షన్ నమోదైన అడ్రసులోనే జరగాలి.

ఇప్పుడు మీ టెనెంటును అడగండి. ఊళ్లో నాన్న పేరు మీదున్న సిలిండర్‌ను బస్సులో తెచ్చుకున్నాడా? బజారులో నింపించుకునే చిన్న సిలిండర్ వాడుతున్నాడా? రెండూ ప్రమాదమే. ఇంటి తాళం ఇచ్చేముందు, మీ అడ్రసు మీదికి మార్చిన కనెక్షన్ పుస్తకం చూపించమని అడగండి. మొహమాటపడకండి. ఆధార్ కాపీ అడగడానికి లేని మొహమాటం దీనికెందుకు?

8. ఎవరికైనా దెబ్బ తగిలితే

గాలివానకు మీ మేడ మీది రేకు లేచి పక్కింటి మనిషి మీద పడింది. టెనెంటు బిడ్డకు గీజరు షాకు కొట్టింది. నష్టపరిహారం ఎవరిమీద పడుతుంది? భారత్ గృహ రక్ష మీ ఇంటికే తప్ప ఇతరులకు జరిగిన హానికి కాదు. దానికి పబ్లిక్ లయబిలిటీ భాగం ఉన్న ప్యాకేజీ తీసుకోవాలి. ఒకటే ఫ్లాటు ఉంటే మీ ఇష్టం. నాలుగు వాటాలు, లిఫ్టు, జీతమిచ్చే వాచ్‌మన్ ఉన్న సొంత బిల్డింగైతే మాత్రం తీసుకునే తీరాలని చెబుతాను. వాచ్‌మన్‌కు పనిలో జరిగే ప్రమాదానికి ఉద్యోగుల పరిహారం పాలసీ కూడా అడగండి.

9. టెనెంటు సామాను మీది కాదు

మీ పాలసీ అతని టీవీకి, ల్యాప్‌టాప్‌కు, బట్టలకు ఇవ్వదు. అతను సామాను వరకే పాలసీ తీసుకోవచ్చు. తాళాలిచ్చే రోజే ఈ మాట చెప్పండి. వరద వచ్చాక, "ఓనర్‌గారికి బీమా వచ్చిందట, మాకేమీ ఇవ్వలేదు" అన్న మాట పడకుండా ఉంటుంది.

10. పేరు ఎవరిది, ఫోను ఎవరిది?

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు అద్దెకిచ్చినవాళ్లు మన కుటుంబాల్లోనే ఎంతోమంది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరు మీద, పాలసీ భర్త పేరు మీదే. పాలసీలో ఇచ్చిన ఫోను నంబరు ఎప్పుడో ఆపేసిన ఇండియా సిమ్. రెన్యువల్ మెసేజ్ ఎవరికి వెళుతుంది? రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న పేర్లే పాలసీలో ఉండాలి. సర్వేయర్ వచ్చినప్పుడు తలుపు తీసి, సంతకం పెట్టగల మనిషి ఇక్కడ ఉండాలి. నాన్నగారో బావమరిదో ఎవరైనా సరే, వాళ్లకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వండి. ఇల్లు అమ్మితే పాలసీ దానంతట అది కొన్నవాళ్లకు వెళ్లదని కూడా గుర్తుంచుకోండి.

11. నష్టం జరిగిన రోజు

మొదటి తప్పు: శుభ్రం చేసేయడం. బురద కడిగి, విరిగిన సామాను పాతసామానులవాడికి ఇచ్చేసి, వారం తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తారు. సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీత కనబడేలా, తేదీ పడేలా వీడియో తీయండి. కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. మంటైతే అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్. మీ దగ్గర అద్దె ఒప్పందం, పన్ను రసీదు, వుడ్‌వర్కు బిల్లులు, ఇల్లు అద్దెకిచ్చిన రోజు తీసిన ఫోటోలు ఉండాలి. ఆ ఫోటోలు లేకపోతే వచ్చే ఆదివారమే వెళ్లి గదిగదికీ తీసుకుని రండి.

క్లెయిమ్ కొట్టేసినా, సాగదీసినా ఊరుకోకండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఆపైన ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, లేదా 155255. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల వరకు క్లెయిములు వింటారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, పాలసీ కాపీ, కంపెనీ తిరస్కరణ లేఖ, మీరు పంపిన ఈమెయిళ్లు జతచేస్తే సరిపోతుంది.